ముందు నాకే చెప్పాలి

సోన్‌కుల్ సరస్సు పడమటి ఒడ్డున, గుడారాలకు వెనక, బోడి గుట్ట ఒకటి ఉంది. వేసవికి గుర్రాలతో, గొర్రెలతో పైకి వచ్చినవాళ్లకు ఫోను పలికేది అక్కడ ఒక్కచోటే. అందుకే దాన్ని ఫోను గుట్ట అంటారు. ఎక్కినవాళ్లు కొనకు పోయి, ఫోనును తలకన్నా ఎత్తుగా పట్టుకుని, అడుగడుగునా పక్కకు జరుగుతూ ఉంటారు. దూరం నుంచి చూస్తే ఎవరితోనో పోట్లాడుతున్నట్టు కనిపిస్తారు.

ఆ వేసవి బురుల్చా ఆ గుట్ట ఎక్కినన్నిసార్లు మేకలు కూడా ఎక్కి ఉండవు.

"మళ్లీ వచ్చావూ?" అంది బాతిష్. పక్క గుడారం ఆవిడ. కొడుకుతో మాట్లాడటానికి వచ్చి, మాటలయ్యాక కూడా కదలకుండా రాతి మీద కూర్చుని ఎండు పెరుగు ఉండ చప్పరిస్తోంది. "బిష్కెక్‌లో ఎవడే వాడు? గడ్డం ఉందా? కారుందా?"

"రెండూ ఉన్నాయక్కా. పళ్లే లేవు."

"అయితే నాకొద్దు, నువ్వే ఉంచుకో. పళ్లు లేనివాడు నాకింట్లోనే ఉన్నాడు."

బురుల్చా నవ్వింది. నవ్వుతూనే ఫోను తెర వైపు చూసింది. సిగ్నల్ గీత ఒకటి వెలిగి, ఆరిపోయింది. ఎవరూ చేయలేదు. తను ఎక్కని వేళల్లో ఎవరైనా చేశారేమో, ఆ సంగతి ఫోను చెప్పదు. అదే ఆమెను తినేస్తోంది. గుడారంలో ఉంటే గుట్ట మీద మోగుతోందేమోనని, గుట్ట మీద ఉంటే ఇక్కడ తనను ఎవరు చూస్తున్నారోనని.

"అత్తగారికి చెప్పొచ్చావా?" అంది బాతిష్.

"పిడకలకని చెప్పాను."

"గుట్ట మీద పిడకలేమిటే? ఇక్కడ పేడ వేసే జీవం నేనొక్కదాన్నే."

బురుల్చా ఖాళీ బస్తా చంకన పెట్టుకుని దిగిపోయింది. దిగేటప్పుడు ఎడమ కాలు బరువుగా ఉంది. మోకాలి పైదాకా బిగించి తొడుక్కున్న మేజోడు కింద సాయంత్రానికల్లా కాలు ఉబ్బుతుంది. ఎవరైనా అడిగితే గుర్రం తన్నిందని చెబుతుంది. ఏ గుర్రమో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ అని తేలి, గర్భసంచి తీసేసి, రేడియేషన్ కరెంటు పెట్టి, ఇంటికి పంపి ఏడాదిన్నర అవుతోంది. కాలు ఉబ్బడం అప్పటి నుంచే. మొదటి రెండేళ్లూ మూడు నెలలకోసారి నగరానికి వెళ్లి చూపించుకోవాలి. ప్రతిసారీ వెళ్లింది. మంచుకు కనుమ మూసుకుపోయినప్పుడు కూడా, బొగ్గు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లింది. అత్తకు, ఊరికి చెప్పింది మాత్రం వేరు. ఆడవాళ్లకు వచ్చే వాపు, ఆపరేషన్ చేశారు, మందులకు వెళ్తోంది. అంతే.

గుర్రాలను పైకి తోలడానికి ముందు వెళ్లినప్పుడు డాక్టర్ చోల్పోన్ ఎప్పటిలాగే ఒక్కొక్కటే అడిగింది. మూత్రం ఎలా ఉంది, విరేచనం ఎలా ఉంది, ఒళ్లంతా ఆవిర్లు వస్తున్నాయా, నిద్ర పడుతోందా. బురుల్చా జవాబు చెబుతూ పోయింది. తర్వాత డాక్టరు పెన్ను కింద పెట్టి, "మీ ఆయనతో?" అంది.

బురుల్చా కిటికీ వైపు చూసింది. "ఒక్కసారి. మర్నాడు మరక కనిపించింది."

"ఎర్రగానా?"

"ఎర్రగానే."

"నేనిచ్చిన గొట్టం వాడుతున్నావా? లోపల అతుక్కుపోకుండా వారానికి రెండు మూడుసార్లు పెట్టుకోమన్నాను."

"పెట్టెలో ఉందండి. దుప్పట్ల కింద."

"పెట్టెకు ఏ జబ్బూ లేదమ్మా, నీకు ఇచ్చాను" అంది డాక్టరు. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు చూసింది. బురుల్చాకు పైకప్పు మీది పెచ్చు ఆకారం కంఠతా వచ్చేసింది. డాక్టరు చేతి తొడుగులు తీసేస్తూ అంది: "కరెంటు తగిలిన చోట చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. ముట్టుకుంటే రక్తం రావచ్చు. అదే అయ్యుంటుంది. కానీ అయ్యుంటుంది అనుకుని వదలను. చిటికెడు ముక్క తీశాను. పరీక్షకు పంపుతాను."

"మళ్లీ వచ్చిందంటారా?"

"తెలిస్తే చెప్పేదాన్ని. తెలియాలంటే పంపాలి."

అప్పుడు బురుల్చా బట్టలు సర్దుకుంటూ, దారి పొడవునా మనసులో వల్లె వేసుకుంటూ వచ్చిన మాట చెప్పింది. "ఫలితం వచ్చాక నాకే చేయండి. మా ఆయనకు వద్దు."

డాక్టరు తలెత్తి చూసింది. "ఇక్కడ అందరూ దీన్ని తిరగేసి అడుగుతారు. ఆ తలుపు దగ్గర నా కోటు పట్టుకుంటారు. అమ్మకు చెప్పకండి, ఆవిడకు చెప్పకండి, తట్టుకోలేదు, అని."

"తెలుసండి. మొదటిసారి మీ కోటు పట్టుకున్నది మా ఆయనే."

డాక్టరు కాగితాల్లో ఉన్న భర్త పాత నంబరు కింద ఆమె నంబరు రాసుకుంది.

మొదటిసారి భర్త ఎసెన్ ఆమెకు చెప్పింది వాపు అని. కరెంటు గది ముందు బెంచీ మీద వరసలో కూర్చున్నప్పుడు, తలాస్ నుంచి వచ్చిన పక్కావిడ, నెత్తికి కట్టుకున్న గుడ్డ సవరించుకుంటూ, "వాపుకు ఇక్కడ ఎవరూ కరెంటు పెట్టరమ్మా" అంది. ఆవిడ చెడ్డగా ఏమీ అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. బురుల్చా లేచి వసారాలోకి వచ్చింది. అక్కడ ఎసెన్ టోపీ చేతిలో నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూడగానే టోపీ నలపడం ఆపేశాడు.

"ఎవరెవరికి తెలుసు?" అని అడిగింది.

అతనికి, అతని అన్న షామ్షీకి, అన్న భార్యకు, బజారులో తివాచీలు కొనే ఆవిడకు కూడా తెలుసు. తెలియంది ఒంట్లో రోగం పెట్టుకున్న మనిషికే.

ఆ రోజు ఆమె అరవలేదు. ఒక్క మాట అడిగింది. "ఇక ముందు ఏదైనా సరే, ముందు నాకే చెప్పాలి. మీకంటే ముందు, మీ అన్నకంటే ముందు. నా చావు కబురు నేను ఊళ్లో వాళ్ల ముఖాల్లో చూసి తెలుసుకోవడం నాకిష్టం లేదు."

"మాట" అన్నాడు ఎసెన్.

అతనిది తప్పనీ గట్టిగా అనలేకపోయింది. చెడ్డ కబురును మనిషి మొహాన చెప్పే అలవాటు ఆ కొండల్లో ఎవరికీ లేదు. ఎవరైనా పోతే, పోయిన సంగతి అయినవాళ్లకు ఫోనులో చెప్పరు. ముందు చుట్టుపక్కల పెద్దలకు తెలుస్తుంది. పెద్దలు కూడబలుక్కుంటారు. పొద్దున్నే, శుభ్రమైన బట్టలు కట్టుకుని, అందరూ ఒక్కసారిగా ఆ ఇంటికి వస్తారు. కూర్చుంటారు. గొర్రెల గురించి, వానల గురించి మాట్లాడతారు. ధైర్యం గల ఆడవాళ్లిద్దరు ఆ మనిషికి చెరోపక్కా చేరతారు. అప్పుడు అందరిలోకి పెద్దాయన, ఎక్కడో దూరం నుంచి మొదలుపెట్టి, మెల్లగా ఆ పేరు దగ్గరికి వస్తాడు. బాతిష్ తమ్ముడు మాస్కోలో కడుతున్న భవనం మీద నుంచి పడి చనిపోయినప్పుడు, ఆమెకు ఎడమ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నది బురుల్చానే. పెద్దాయన గొంతు సవరించుకున్నప్పుడు బాతిష్ చెయ్యి ఎలా చల్లబడిందో ఆ వేళ్లకు ఇంకా గుర్తుంది.

గుట్ట దిగేసరికి అత్త ఉమ్సునాయ్ గుడారం ముందు నిలబడి ఉంది. డెబ్భై దాటిన మనిషి. నడుం వంగలేదు, నోరూ వంగలేదు.

"పిడకలేవే?"

"తడిగా ఉన్నాయత్తమ్మా."

"నాలుగు రోజులుగా వాన లేదు. పేడ ఎందుకు తడిసింది? సరే, రా, ఉన్ని చుట్టాలి. మా తమ్ముడు వచ్చేలోగా ఆ తివాచీ పూర్తి కావాలి."

ఆమె తమ్ముడు సపరాలీ కనుమ అవతల కొచ్కోర్ వైపు ఊళ్లో ఉంటాడు. తల్లి పోయాక అతన్ని వీపున కట్టుకుని పెంచింది ఆమే. ప్రతి వేసవీ గుర్రమెక్కి అక్కను చూడటానికి సరస్సుకు వస్తాడు. అతని కోసం ఆమె చలికాలం నుంచీ పొగబెట్టిన గుర్రం మాంసం చుట్ట ఒకటి ఎవర్నీ ముట్టనివ్వకుండా గుడారం కప్పుకు వేలాడదీసింది. ఈ ఏడాది ఇంకా రాలేదు.

వేడి నీళ్లు చల్లి, రెల్లు చాపలో చుట్టిన ఉన్నిని మోచేతులతో అదుముతూ దొర్లించాలి. బురుల్చా మోకాళ్ల మీద కూర్చుని అదిమింది. పొత్తికడుపులో పాత కోత లాగింది. లేచింది. టీ నీళ్లు పెట్టింది. అవి మరగకముందే ఆడగుర్రాల పాలు పితకడానికి వెళ్లింది. పాలచెంబు పట్టుకుని తిరిగి వస్తూ దారిలో ఆగి గుట్ట వైపు చూసింది.

"ఏమే, నీకు కాళ్లలో చీమలు దూరాయా?" అంది అత్త. "ఒక్క పని కుదురుగా చెయ్యవేం? కూర్చుంటే లేస్తావు, లేస్తే పోతావు."

"ఎండగా ఉందత్తమ్మా."

"ఎండా? నేను రెండు స్వెటర్లు వేసుకున్నాను."

ఎసెన్ కళ్లెం కుట్టుకుంటూ తలెత్తాడు. భార్యను చూశాడు. మళ్లీ దించుకున్నాడు. ముక్క తీశారని అతనికి తెలుసు. మరక కనిపించిన దగ్గర నుంచి అతను గుడారం గుమ్మం పక్కన, జీను తలకింద పెట్టుకుని పడుకుంటున్నాడు. ఒకసారి, గుర్రాలకు నీళ్లు పెడుతూ, ఆమె వైపు తిరగకుండానే, "నా వల్లేనా?" అని అడిగాడు. కాదండీ అని చెప్పింది. అతను నమ్మలేదు. తను నమ్మి చెప్పిందో లేదో ఆమెకూ తెలియదు.

సాయంత్రం మళ్లీ గుట్ట ఎక్కింది. గీత వెలిగింది, ఆరింది. ఒకసారి తనే ఆస్పత్రికి చేసింది. ఎవరో అమ్మాయి, డాక్టరు లేరు, ఫలితాలు ఇంకా రాలేదనుకుంటా, అంది. అనుకుంటా అన్న మాట పట్టుకుని బురుల్చా ఆ రాత్రంతా ఇటూ అటూ దొర్లింది.

మర్నాడు పొద్దున్న ఎసెన్ గుర్రాలను నీళ్లకు తోలుకెళ్లాడు. రోజూ కన్నా ఆలస్యంగా వచ్చాడు. పాలచెంబు కడుగుతున్న బురుల్చా పక్కనుంచే వెళ్లాడు గానీ ముఖం చూడలేదు. లోపలికి పోయి, పండగలకు పెట్టుకునే తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చాడు.

"ఎవరైనా వస్తున్నారా?" అంది ఆమె.

"అన్నయ్య వస్తున్నట్టున్నాడు" అన్నాడు. 

షామ్షీ ఊళ్లో ఉంటాడు. కారణం లేకుండా ఇంత దూరం రాడు. బురుల్చా చెంబు పట్టుకునే వాగు వైపు చూసింది. కారు గుడారం దాకా రాలేదు. దూరంగా, వాగు అవతలే ఆగింది. అందులోంచి దిగిన షామ్షీ, అతని భార్య నడిచి వస్తున్నారు. ఇటు పక్క నుంచి కాసిమ్ తాత, ఆ ఒడ్డున అందరిలోకి పెద్దవాడు, చేతికర్ర ఊనుకుంటూ వస్తున్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు ముసలివాళ్లు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అందరూ ఉతికిన బట్టల్లో ఉన్నారు.

ఆమె చేతిలోంచి చెంబు ఎవరో తీసుకున్నారు. బాతిష్. ఆమె నోట్లో ఎండు పెరుగు ఉండ లేదు, హాస్యమూ లేదు.

"ఇవి నేను చూసుకుంటానులే" అంది బాతిష్. "పద, లోపలికి పద. మీ అత్తగారి పక్కన కూర్చుందువుగాని." అని ఆమె మోచెయ్యి పట్టుకుంది.

బురుల్చా ఆ చేతిని చూసింది. అంతా అర్థమైపోయింది. ఆస్పత్రి వాళ్లు పాత నంబరుకే చేశారు. ఈయన విన్నాడు. అన్నకు చెప్పాడు. అన్న పెద్దల్ని కూడగట్టాడు. మళ్లీ అందరికీ తెలుసు, తనకు తప్ప.

గుడారంలో అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఉమ్సునాయ్ టీ గిన్నెలు వరసగా పెడుతూ, "ఏమిటయ్యా, ఇంతమంది ఒక్కసారే? నాకేమైనా సంబంధం తెచ్చారా?" అంది. ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. షామ్షీ గొర్రెలు ఎలా ఉన్నాయని అడిగాడు. బాగున్నాయి. గడ్డి ఎలా ఉంది? పర్వాలేదు. బాతిష్ బురుల్చాను అత్త పక్కన కూర్చోబెట్టి, తను ఆమెను ఆనుకుని కూర్చుంది. షామ్షీ భార్య అటు పక్కన చేరింది. ఎసెన్ గుమ్మం దగ్గర నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

కాసిమ్ తాత గొంతు సవరించుకున్నాడు.

"మనుషులం. వస్తాం, కొన్నాళ్లు ఉంటాం. ఎంత గొప్పవాళ్లయినా ఈ గడ్డి మీద గుడారం వేసుకుని మళ్లీ విప్పుకుని పోయినవాళ్లే. మా అమ్మ పోయినప్పుడు నేను చిన్నవాణ్ని. అప్పుడు నాకు చెప్పడానికి వచ్చిన పెద్దలు..."

అతను ఇంకా చాలా దూరంలో ఉన్నాడు. అలా మెల్లగా, చుట్టూ తిరిగి, తన దగ్గరికి వస్తాడు. బురుల్చా అంతసేపు ఆగలేకపోయింది. లేచి నిలబడింది. బాతిష్ చెయ్యి జారింది.

"తాతా, చుట్టూ తిప్పకండి. మళ్లీ వచ్చిందా? అంతేనా? అది చెప్పండి చాలు."

 ఆమె గుమ్మం వైపు తిరిగింది. పెళ్లయిన నాటి నుంచి మొగుణ్ని మీరు అని తప్ప పిలవని మనిషి, పెద్దలందరి ముందూ అంది:

"నువ్వు మాట ఇచ్చావు. ముందు నాకే చెబుతానన్నావు. ఒక్క మాట అడిగాను నిన్ను. ఒక్కటి. అది కూడా నిలబెట్టుకోలేకపోయావా? నాకు వచ్చింది క్యాన్సర్. వాపు కాదు. విన్నారా అందరూ? అత్తమ్మా, మీరూ వినండి. నా గర్భసంచి తీసేసింది దానికే. ఇప్పుడు అది మళ్లీ వచ్చింది. ఇక చెప్పండి తాతా, మీరు చెప్పవలసింది ఏమైనా మిగిలితే."

ఎసెన్ ముఖం తెల్లబోయింది.  షామ్షీ టోపీ ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. కాసిమ్ తాత చేతికర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

"కూర్చో తల్లీ" అన్నాడు చివరికి. "మేం వచ్చింది నీ కోసం కాదు."

ఆ మాట నేల మీద పడింది. బురుల్చా కన్నా ముందు దాన్ని ఏరుకున్నది ఉమ్సునాయ్. చేతిలోని టీ గిన్నెను మెల్లగా కింద పెట్టింది. ఎదురుగా ఉన్నవాళ్ల బట్టలు చూసింది, తన అటు పక్కన కూర్చున్న పెద్ద కోడల్ని చూసింది, కప్పుకు వేలాడుతున్న మాంసం చుట్టను చూసింది.

"దాని కోసం కాదంటే నా కోసం" అంది. "సపరాలీయేనా?"

కాసిమ్ తాత తల వంచాడు. నిన్న సాయంత్రం, గడ్డి కోస్తుండగా, ఉన్నచోటనే కూలబడిపోయాడని, నొప్పి ఎక్కువ పడలేదని షామ్షీ చెప్పాడు. అతను ఇంకేదో చెబుతుండగానే ఆమె గొంతు లేచింది. ఆ గొంతు వినగానే పక్క గుడారాల ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. బాతిష్ బురుల్చాను పక్కకు జరిపి ఆమె చోట కూర్చుంది. ఉమ్సునాయ్‌ని రెండు పక్కలా పట్టుకోవలసిన చేతుల్లో ఒకటి బురుల్చాది. అందుకే ఆమెను అక్కడ కూర్చోబెట్టారు.

కొచ్కోర్ వైపు కారులో వెళ్తున్నంతసేపూ బురుల్చా అత్త పక్కనే కూర్చుంది. ఎసెన్ ముందు సీట్లో. తిరిగి చూడలేదు. ఆమె అతని మెడ వెనక ఎండకు కమిలిన చర్మాన్ని చూస్తూ కూర్చుంది. తన ఫోను గుడారంలో, దిండు కిందే ఉండిపోయిందని కనుమ దాటాక గుర్తొచ్చింది. చెయ్యి జేబు తడిమింది. మళ్లీ తడిమింది. వెనక్కి తిప్పమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

ఒక ముసలితల్లికి కబురు చెప్పడానికి పదిమంది కలిసి ఏర్పాటు చేసుకున్న మెత్తని దారిని తను ఒక్క తన్ను తన్ని పడగొట్టింది. తమ్ముడు పోయాడని ఆమె లెక్క కట్టుకుని తెలుసుకోవలసి వచ్చింది.

"అత్తమ్మా, నేను..."

"నోరు ముయ్యి" అంది ఉమ్సునాయ్, కిటికీ వైపు చూస్తూనే. కొంత దారి గడిచింది. "పోయిన చలికాలం నీతో మంచు నీళ్లలో ఉన్ని కడిగించాను. నిన్న ఆ తివాచీ దొర్లించమన్నాను. ఎందుకు చేశావే?"

"మీరు చెప్పారని."

"నేను చెప్పాను! నాకు తెలిస్తేగా! ఇంటికి పెద్దదాన్ని, నా ఇంట్లో ఏముందో నాకు తప్ప అందరికీ తెలుసు." ఆమె గొంతు బొంగురుపోయింది. "ఆ కబురు ఎప్పుడొస్తుంది?"

"తెలియదత్తమ్మా."

"వచ్చినప్పుడు నాకు చెప్పు. నీకు తెలిశాకే చెప్పు. కానీ చెప్పు."

బురుల్చా సరే అంది. ముందు సీట్లో మెడ కొంచెం కదిలింది.

సపరాలీ ఇంటి ముందు అప్పటికే గుడారం వేశారు. అతన్ని అందులో పడుకోబెట్టి తెర కట్టారు. బయట మగవాళ్లు వరసగా నిలబడి, నడుం దగ్గర కర్ర ఊనుకుని, కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా పెద్దగా ఏడుస్తున్నారు. లోపల ఆడవాళ్లు నల్లబట్టల్లో, గోడ వైపు ముఖం పెట్టి, చనిపోయినవాడి మంచితనాన్ని వరసకట్టి పాడుతూ శోకిస్తున్నారు. బురుల్చా ఆ రోజంతా గోడ వైపే చూస్తూ కూర్చుంది. గుడారం గోడ రెల్లు తడికల్ని దారంతో కట్టిన ముడులు చూసింది. ఏడుపు రాలేదు. లోపల ఎక్కడో ఫోను మోగుతున్నట్టు అనిపించేది. చెవి రిక్కించేది. ఏమీ ఉండేది కాదు.

మర్నాడు ఎండ పైకెక్కాక, గుడారం తలుపు తెర పక్కకు జరిగింది. శోకించే ఆడవాళ్ల మధ్యకు మగవాళ్లు రారు. ఎసెన్ వచ్చాడు. లోపలికి ఒక అడుగు పెట్టి ఆగాడు. కుడి చేతిలో ఫోను ఉంది. దాన్ని చెవికి ఆనించలేదు. చెయ్యి బారుగా చాచి, ఒంటికి దూరంగా పట్టుకున్నాడు, నిండుగా ఉన్న గిన్నెను తొణక్కుండా తెస్తున్నట్టు.

"బురుల్చా" అన్నాడు.

ఆడవాళ్లు తలలు తిప్పారు. ఆమె లేచింది. ఉబ్బిన కాలు తిమ్మిరెక్కి తడబడింది. గుమ్మం దగ్గరికి వచ్చింది.

"డాక్టరమ్మ. నీ ఫోనుకు చేసిందట, పలకలేదట" అన్నాడు మెల్లగా. "నేనేమీ వినలేదు. ఏమీ చెప్పకండి, ఆమెను తీసుకొస్తాను, ఆగండి అన్నాను."

ఆమె ఫోను అందుకుని గుడారం వెనక్కి నడిచింది. అక్కడ గాడిపొయ్యి మీద పెద్ద కాగు ఉడుకుతోంది. పొగ కళ్లలోకి వచ్చింది. "హలో" అంది. తన గొంతు తనకే వినపడలేదు. మళ్లీ అంది.

"ఎవరింట్లో ఏడుస్తున్నారు?" అంది డాక్టర్ చోల్పోన్. "తర్వాత చెయ్యనా?"

"వద్దు. ఇప్పుడే చెప్పండి."

"ముక్కలో ఏమీ లేదు. క్యాన్సర్ కణాలు లేవు. కరెంటు వల్ల పలచబడ్డ చర్మమే, నేననుకున్నట్టే. విన్నావా?"

"ఇంకోసారి చెప్పండి."

డాక్టరు ఇంకోసారి చెప్పింది. ఇంకా చెప్పింది: ఇది ఈసారికి మాత్రమే, సెప్టెంబరులో మళ్లీ రావాలి, ఆలోగా ఎక్కువ రక్తం కనిపించినా, కాలు ఎర్రబడి జ్వరం వచ్చినా తేదీ కోసం చూడకుండా బయల్దేరాలి. ఆ గొట్టాన్ని పెట్టెలోంచి తియ్యాలి. మీ ఆయన్ను భయపడవద్దని చెప్పాలి. బురుల్చా అన్నిటికీ సరేనండి, సరేనండి అంది. సెప్టెంబరు అన్న మాట దగ్గర వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది.

కొంచెం దూరంలో ఎసెన్ అటు తిరిగి నిలబడి ఉన్నాడు. శోకించే కర్రను రెండు చేతులా పట్టుకుని, భుజాలు పైకి లాక్కుని, వీపు మీద దెబ్బ పడబోతుందన్నట్టు. ఆమె వెళ్లి అతని ముందుకు వచ్చింది.

"లేదట" అంది. "ఏమీ లేదట. మీ వల్ల కూడా కాదట."

అతను తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"నిన్న పెద్దల ముందు నేను..."

"తర్వాత" అన్నాడు. ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వెళ్లి మగవాళ్ల వరసలో తన చోట నిలబడ్డాడు. అప్పుడే కొత్తవాళ్లెవరో కారు దిగుతున్నారు. కర్ర మీదికి వంగి ఎసెన్ పెద్దపెట్టున ఏడ్చాడు. అందరికన్నా గట్టిగా ఏడ్చాడు. వరసలో ఉన్న ముసలాయన ఒకడు పక్కవాడితో, "మేనమామంటే ఎంత ప్రాణమో చూడు" అన్నాడు.

బురుల్చా లోపలికి వచ్చి అత్త పక్కన తన చోట కూర్చుంది. గోడ వైపు తిరిగింది. పాడుతున్న ఆడవాళ్ల గొంతులు ఒకటి ఆగి ఇంకొకటి ఎత్తుకునే చోట, ఉమ్సునాయ్ తల తిప్పకుండానే అడిగింది.

"ఏమంది?"

"లేదంది. సెప్టెంబరులో మళ్లీ రమ్మంది."

ముసలామె నల్ల రుమాలు కొనతో ముక్కు తుడుచుకుంది. "సెప్టెంబరులో నేనూ వస్తాను. ఆ డాక్టర్ని నేను రెండు మాటలు అడగాలి." తర్వాత పక్కనున్న దిండును మోకాలితో ఇటు తోసింది. "కాలు దాని మీద చాపుకో."

"ఇక్కడా? అందరూ చూస్తారత్తమ్మా. శవం దగ్గర కాళ్లు చాపి కూర్చుంటే..."

"ఎవరైనా ఏమైనా అంటే నాతో అనమను. చాపు."

బురుల్చా ఎడమ కాలు దిండు మీద చాపింది. మేజోడు కింద బిగిసిన నెత్తురు కొంచెం సడలినట్టయింది.

"ఇక ఏడువు" అంది ఉమ్సునాయ్. "నిన్నటి నుంచి గోడకు కొట్టిన మేకులా కూర్చున్నావు. మా తమ్ముడు నీ పెళ్లికి గుర్రాన్ని తెచ్చి ఇచ్చాడు. గొంతు విడిచి ఏడువు."

కారు దిగినవాళ్ల అడుగులు గుడారం దగ్గరికి వస్తున్నాయి. బయట మగవాళ్ల గొంతులు లేచాయి. బురుల్చా నోరు తెరిచింది.